పాత ఇండ్లు – పాత కాగితాలు

ఈ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వవలెనని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేము ముందుగా రాజుల సంగతి, యుద్ధాల సంగతి వ్రాద్దామనే అనుకున్నాము. ఇరవై ఏండ్లుగా బడిపిల్లలకు పాఠాలు చెప్పుచున్నవారము కాబట్టి మాకు ఆ దారియే అలవాటు. కాని గడిచిన చలికాలం సెలవులలో మన సంఘం కుటుంబాలతో కలిసి హైదరాబాదు పాతబస్తీలో ఒక పూట నడిచి వచ్చిన తరువాత మా ఆలోచన మారినది. రాజుల కథ పుస్తకాలలో దొరుకుతుంది. ఇండ్ల కథ మాత్రం ఆ ఇంటివారు చెప్పకపోతే మరెక్కడా దొరకదు. కనుక ఇండ్ల గురించియే వ్రాయుచున్నాము.

పాల్వంచ, కొత్తగూడెం, ఇల్లెందు, ఖమ్మం నుండి పిల్లలు, ఆడవారు, పెద్దలు కలిసి ముప్పై ఒక్క మందిమి బయలుదేరినాము. కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషనులో సగం మందిమి రాత్రి రైలు ఎక్కితే మిగిలినవారు ఖమ్మంలో మరొక రైలు ఎక్కినారు. తెల్లవారి సికింద్రాబాదులో దిగి, ఒక హోటలులో ఇరానీ చాయ్ తాగి, ఏడు గంటలకు మూసీ ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియం ముందర నిలబడినాము.

మాకు దారి చూపుటకు పాతబస్తీలోనే పుట్టి పెరిగిన ఒక యువకుడిని ముందుగానే మాట్లాడుకున్నాము. అతడు మొదట చెప్పిన మాట మాకిప్పటికీ జ్ఞాపకమున్నది. "మాస్టర్ సాబ్, నేను చూపబోయే ఇండ్లలో కొన్ని ఉన్నవి, కొన్ని సగమే ఉన్నవి, కొన్ని లేనే లేవు. లేనివాటిని కూడా చూడవలె" అన్నాడు. పిల్లలు నవ్వినారు. లేని ఇంటిని ఎట్లా చూస్తారని వారి నవ్వు. మధ్యాహ్నమయ్యే సరికి ఎవరూ నవ్వలేదు.

ఇట్టి నడకలు మన దేశానికి కొత్త కాదు. గుజరాతులోని అహమ్మదాబాదులో 1997 నవంబరు 19న నగరపాలక సంస్థవారు ఇటువంటి నడకను ఆరంభించినారు. అక్కడ పొద్దున్నే స్వామినారాయణ మందిరం దగ్గర బయలుదేరి, 'పోల్' అనబడే ఇరుకు వాడలలోని చెక్క ఇండ్లను చూసుకుంటూ, 1424లో కట్టిన జామా మసీదు దగ్గర ముగిస్తారు. మందిరం నుండి మసీదు దాకా అని దానికి పేరు. తమ వీధిలో నుండి జనం రోజూ వచ్చి చూసి పోవుచుంటే ఇంటివారికి కూడా తమ ఇంటి మీద గౌరవం పెరుగుతుంది. 2017లో ఆ నగరాన్ని యునెస్కోవారు ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించినారు. హైదరాబాదులో కూడా 2000 తరువాతి సంవత్సరాలలో పర్యాటక శాఖవారు చార్మినార్ నుండి చౌమహల్లా వరకు ఆదివారాలలో నడకలు జరిపినారు.

దేవిడీ అంటే ఏమిటి?

మన పిల్లలకు దేవిడీ అను మాట తెలియదు. అసలు అర్థం గడప, ముఖద్వారం. రాను రాను ఆ ద్వారం వెనుక ఉన్న అమీరుల భవనమంతటికీ అదే పేరైనది. చుట్టూ ఎత్తైన గోడ, ముందర ఏనుగు పట్టేంత కమాను, దాని మీద నౌబత్ ఖానా. లోపలికి పోతే మగవారు కూర్చునే మర్దానా, వెనుక ఆడవారి జనానా. నడుమ సెహన్, అనగా వాకిలి. వాకిటిలో హౌజు, చుట్టూ స్తంభాల దాలాన్. హౌజులోని నీటి మీదుగా వచ్చిన గాలి దాలాన్‌లోకి చల్లగా వచ్చేది. మన వైపు మండువా ఇండ్లలో నడుమ ఆకాశం కనబడే వాకిలి ఉంటుంది గదా, పద్ధతి ఇంచుమించు అదియే.

గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక కలిపి ఎద్దులతో గానుగ తిప్పించి, అందులో బెల్లం నీరు, కరక్కాయ రసం వంటివి చేర్చేవారు. ఈ సున్నం సిమెంటు వలె ఒక్క రోజులో బిగుసుకోదు. సంవత్సరాల మీద గట్టిపడుతుంది, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. అటువంటి గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలనే నిలిచి గోడ పొట్టు రాలుతుంది. మన ఊర్లలో పాత ఇండ్లను 'బాగుచేసి' పాడుచేసుకున్నవారు ఈ సంగతి గమనించవలెను. టేకు స్తంభాలను చూసినప్పుడు మాత్రం మా వారికి కొత్తగా అనిపించలేదు. అడవి అంచున పుట్టినవారము, టేకు వాసన మాకు తెలుసు.

లేని ఇల్లు

మొదట చూసినది దివాన్ దేవిడీ. నిజాముల దివానులైన సాలార్ జంగులు కాపురమున్న ఇల్లు. అందులో అద్దాల ఆయినా ఖానా, పింగాణీ పళ్ళాలతో అలంకరించిన చీనీ ఖానా, చెక్కతో తీర్చిన లక్కడ్ కోట్, నిజాం బాగ్ ఇవన్నీ ఉండేవి. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో మరణించినారు. ఆయన పెండ్లి చేసుకోలేదు. ఆయన పోగుచేసిన వస్తువులతో ఆ ఇంటిలోనే 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించినారు. 1968లో వస్తువులన్నీ నది ఒడ్డున కట్టిన కొత్త భవనానికి పోయినవి. వస్తువులు దక్కినవి, ఇల్లు దక్కలేదు. ఇప్పుడు కమాను చూసి లోపల ఏమున్నదోనని పోతే దుకాణాలు, గోదాములు. "ఇదీ లేని ఇల్లు" అన్నాడు మా గైడు.

అక్కడికి దగ్గరనే పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి వేలమంది ప్రాణాలు పోయినవి, ఇండ్లు నేలమట్టమైనవి. ఆ తరువాత నగరాన్ని తిరిగి తీర్చుటకు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడినది. రాతి కమానుల దుకాణాలతో ఈ బజారు కట్టినది ఆ ఏర్పాట్ల క్రిందనే. వరద మాట వినగానే మా ఖమ్మం వారందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు మన మీదికి వచ్చిన తెల్లవారుజామును మరచినవారెవరు? ఆ సంగతి తరువాత చెప్పెదము.

పురానీ హవేలీని ఇంకా మ్యూజియం తలుపు తెరవని వేళ కాబట్టి బయటి నుండి చూసినాము. మూడవ నిజాం సికందర్ జా మొదట ఇక్కడ ఉండి, తరువాత ఖిల్వత్‌కు మారినారు. అందువలన ఇది 'పాత' హవేలీ అయినది. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా బట్టలు పెట్టుకున్న పొడుగైన రెండంతస్తుల టేకు బీరువా ఇందులోనిదే. 2000లో ఇక్కడ నిజాం మ్యూజియం తెరచినారు.

'యా హాఫిజ్' లెక్క

ఎనిమిదిన్నరకు చార్ కమాన్ దాటినాము. నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజు. పడమటి కమాను కుతుబ్ షాహీ సుల్తానుల రాజభవనానికి దారి. 1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత ఆ భవనాలు నామరూపాలు లేకుండా పోయినవి. తలుపు ఉన్నది, ఇల్లు లేదు. పిల్లలు తమంతట తామే "లేని ఇల్లు, లేని ఇల్లు" అనసాగినారు.

చార్మినార్ క్రింద వారిని కూర్చోబెట్టి మేము ఒక లెక్క చెప్పించినాము. ఉర్దూ అక్షరాలకు ఒక్కొక్కదానికి ఒక సంఖ్య ఉన్నది. దానిని అబ్జద్ అంటారు. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4, ఈ విధముగా వెయ్యి దాకా. పూర్వులు భవనం కట్టిన సంవత్సరాన్ని అంకెలలో వ్రాయక ఒక మంచి మాటలో దాచేవారు. చార్మినార్‌కు చెప్పే మాట 'యా హాఫిజ్', అనగా ఓ రక్షకుడా అని. యేకు 10, అలిఫ్‌కు 1, హేకు 8, మళ్ళీ అలిఫ్‌కు 1, ఫేకు 80, జోయ్‌కు 900. కూడితే సరిగా 1000. హిజ్రీ 1000వ సంవత్సరం మొదలైనది 1591లో. ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినది అప్పుడే.

ఇంగ్లీషు మీడియంలో చదివే ఒక అమ్మాయి ఈ లెక్క కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకుని, "సార్, మా ఇంటి దర్వాజా మీద కూడా ఏదో వ్రాసి ఉన్నది. అది కూడా ఇట్లా లెక్కనేనా?" అని అడిగినది. మేము ఎన్నో పాఠాలు చెప్పినాము గాని ఇంత మంచి ప్రశ్న మాకు తక్కువసార్లు ఎదురైనది.

ఇండ్లు ఎందుకు పోయినవి?

చార్మినార్ దాపుననే మాల్‌వాలా ప్యాలెస్ ఉండేది. నిజాం రాజ్యపు మాల్ దఫ్తరు, అనగా భూమి శిస్తు లెక్కలు, తరతరాలుగా చూసిన కాయస్థ కుటుంబం వారిది. 1845లో కట్టినది. కాపాడవలసిన భవనాల జాబితాలో దాని పేరు ఉన్నది. ఉన్నా 2000లో అందులో చాలా భాగం దుకాణాల కోసం పడగొట్టబడినది. లాడ్ బజారు గాజుల దుకాణాలు దాటి, మహబూబ్ చౌక్ గడియారం చూసి, హుస్సేనీ ఆలం వైపు పోతే పైగా అమీరుడు ఖుర్షీద్ జా బారాదరి. ఐరోపా పద్ధతి స్తంభాల భవనం. ఎన్నో ఏండ్లు పట్టించుకోక శిథిలమైనది.

ఎందుకిట్లా జరిగినదని పెద్దలు అడిగినారు. గైడు చెప్పినదానికి మాకు తెలిసినది చేర్చి కారణాలు వ్రాయుచున్నాము. 1949లో జాగీర్లు రద్దైనవి. అది న్యాయమైన పనియే, రైతులకు మేలు జరిగినది. కాని ఆ రాబడి మీద నిలిచిన పెద్ద ఇండ్లకు నౌకర్లు, మరమ్మతులు ఆగిపోయినవి. రెండవది పంపకాలు. ఒక ఇల్లు పన్నెండు మంది వారసులకు పన్నెండు ముక్కలైతే పైకప్పు ఎవరు వేయించవలె? మూడవది నేల ధర. నాలుగవది రోడ్ల వెడల్పు. చట్టాలు లేవని కాదు. 1981లోనే పాత భవనాల రక్షణకు హైదరాబాదులో నిబంధన వచ్చినది, 1995లో జాబితా ప్రకటించినారు. 2015లో ఆ నిబంధన తీసివేసినారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం చేసినారు. చట్టం ఉండుట మంచిదే. కాని ఇంటివారికే ఆ ఇల్లు ఏమిటో తెలియనప్పుడు చట్టం ఒక్కటే ఏమి చేయగలదు?

దీనికి మారుగా చౌమహల్లా నిలిచినది. 1750 ప్రాంతంలో మొదలుపెట్టి, ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తిచేసిన అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అను నాలుగు మహళ్ళు. ఒకప్పుడు 45 ఎకరాలు, నేడు మిగిలినది అందులో ఇంచుమించు నాలుగవ వంతు. అసఫ్ జాహీ కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రాగారు పట్టుబట్టి, శిల్పి రాహుల్ మెహ్రోత్రాగారి సహాయముతో బాగుచేయించగా, 2005లో జనానికి తెరచినారు. 2010లో యునెస్కో బహుమతి వచ్చినది. ఇంటివారు తలచుకుంటే జరుగుతుందనుటకు ఇది సాక్ష్యం. అయితే అంత డబ్బు మనలో ఎవరికున్నది అని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న సరియైనదే.

చివరకు శాలిబండ మీదుగా హరిబౌలికి పోయినాము. అక్కడి మహంకాళి గుడికి అక్కన్న మాదన్నల పేరు. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కొలువులో మంత్రులైన ఆ సోదరులు 1686లో చంపబడినారు. వారు మన నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ చెరలో పడి, రామదాసుగా పేరు పొందిన సంగతి మనకందరికీ తెలుసు. తానీషా కాలం నుండి వచ్చినదని చెప్పుకునే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ నేటికీ శ్రీరామనవమికి నడుచుచున్నది. మా పాల్వంచ వారు ఆ గల్లీలో నిలబడి, "మన ఊరి లెక్కలు ఇక్కడికే వచ్చినవన్నమాట" అన్నారు. ఇంత దూరం వచ్చినాము గాని ఇది పరాయి ఊరి కథ కాదని అప్పుడు తోచినది.

ట్రంకు పెట్టె

తిరిగి వచ్చిన పది రోజులకు మాతో వచ్చిన ఒక పెద్దాయన, మేము చాచా అని పిలిచేవారు, ఒక ట్రంకు పెట్టె రిక్షాలో వేసుకుని మా ఇంటికి వచ్చినారు. ఖమ్మం ఖిల్లా దగ్గర వారికి పాత పెంకుటిల్లు ఉన్నది. అన్నదమ్ముల పిల్లలు ఏడుగురు భాగస్తులు. అమ్మవలెనని నిశ్చయించుకున్నారు. ప్రక్క ఇంటివారితో చేదబావి దారి గురించి పదిహేనేండ్లుగా తగవు ఉన్నది. "బేటా, అమ్మే ముందు వీటిలో ఏమున్నదో చదివి చెప్పు. మా పిల్లలెవరికీ ఉర్దూ రాదు" అన్నారు.

నిజాం రాజ్యంలో 1884 దాకా సర్కారు భాష ఫార్సీ, తరువాత ఉర్దూ. గోదావరి అవతలి భద్రాచలం తాలూకాను 1860లోనే నిజాం ఇంగ్లీషువారికి ఇచ్చినారు గనుక అక్కడి కాగితాల తీరు వేరు. ఇవతలి ఒడ్డున మన తాతల ఇండ్ల బైనామాలు, తక్సీంనామాలు చాలావరకు ఉర్దూలో ఉంటవి. అదియును షికస్తా, అనగా విరిచి విరిచి వేగంగా వ్రాసే గొలుసుకట్టు వ్రాత. మాకే మూడు రాత్రులు పట్టినది.

కాగితం 1336 ఫస్లీ నాటిది. ఫస్లీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అనగా 1926. నాలుగు హద్దులు వ్రాసిన చోట, 'తూర్పున బావి, దాని నీటికి గల్లీవారందరికీ హక్కు, దారి ఎవరూ మూయరాదు' అని స్పష్టంగా ఉన్నది. సాక్షుల సంతకాలు ఐదు. మూడు ఉర్దూలో, రెండు తెలుగులో. తెలుగు సంతకాలలో ఒకటి ప్రక్క ఇంటివారి తాతదే!

చాచా ఆ కాగితం తీసుకుని తామే ప్రక్క ఇంటికి పోయినారు. ఆ ఇంటి పెద్ద తన తాత చేతివ్రాతను మొదటిసారి చూసుకుని చాలాసేపు మాట్లాడలేదట. తరువాత లోపలి నుండి చాయ్ వచ్చినది. పదిహేనేండ్ల తగవు ఒక చాయ్‌తో ముగిసినది.

ఇల్లు నిలిచినదా అంటే, నిలవలేదు. ఒక భాగస్తునికి బిడ్డ పెండ్లి ఉన్నది, మరొకరికి వైద్యం ఖర్చు ఉన్నది. అట్టివారితో ఇల్లు అమ్మవద్దని చెప్పుటకు మాకు నోరు రాలేదు. కాని పడగొట్టే ముందు మా బడిపిల్లలు ఎనిమిది మంది రెండు రోజులు ఆ ఇంటిలో ఉండి టేపుతో కొలిచినారు, నక్షా గీసినారు, ఫోటోలు తీసినారు, ఏ గదిలో ఎవరుండేవారో చాచాను అడిగి వ్రాసుకున్నారు. దర్వాజా చాచా కొడుకు తన కొత్త ఇంటికి పెట్టించుకున్నాడు. బావి, దారి క్రొత్తగా కొన్నవారి కాగితంలో కూడా ఎక్కినవి.

మా తప్పు

ఇక మా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మా తాతగారి ఇంటి కాగితాలు కూడా ఇటువంటి పెట్టెలోనే ఉండేవి. ఉర్దూ పండితులమని నలుగురిలో పేరు. ఊరివారి కాగితాలు చదివి పెట్టినాము గాని, మన ఇంటివేగదా, ఎప్పుడైనా చదవవచ్చునని ఇరవై ఏండ్లు వాయిదా వేసినాము. ఆ పెట్టె మున్నేరు దగ్గర మా చెల్లెలి ఇంటిలో క్రింద గదిలో ఉండెను. 2024 వరదలో ఇంటిలోకి మనిషి ఎత్తు నీరు వచ్చినది. ప్రాణాలు దక్కినవి, అల్‌హందులిల్లాహ్. నాలుగవ రోజు పెట్టె తెరిస్తే లోపల బురద ముద్ద తప్ప ఒక్క అక్షరం లేదు. మా నాన్నగారు ఎనభై ఏండ్ల వయస్సులో, "అందులో ఏముండెనురా?" అని అడిగినారు. ఈ ఊరిలో దానికి జవాబు చెప్పగలిగినవారము మేము ఒక్కరమే ఉంటిమి. చెప్పలేకపోయినాము.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. మీ ఇంటిలో పాత కాగితం ఏదున్నా ముందుగా రెండు ప్రక్కల ఫోటో తీసి, ఆ ఫోటో వేరొక ఊరిలోని బంధువు దగ్గర కూడా ఉంచండి. అసలు కాగితాన్ని నీరు అందని ఎత్తులో పెట్టండి. లామినేషన్ చేయించవద్దు, ఆ వేడికి పాత కాగితం పాడవుతుంది. దర్వాజా మీద, సమాధి రాయి మీద, బావి గట్టు మీద వ్రాత ఉంటే దాని మీద రంగు వేయవద్దు. చదువుట మీకు రాకపోతే ఆదివారం మధ్యాహ్నం జొహర్ తరువాత సంఘం గదికి తీసుకురండి. మేము ఉంటాము. రుసుము లేదు, ఏ మతంవారి కాగితమైనా సరే.

రెండవది, రానున్న సెలవులలో మన ఖమ్మంలోనే ఒక నడక పెట్టుకుందాము. జాఫరుద్దౌలా పేరు నిలిపిన జాఫర్ బావి దగ్గర మొదలుపెట్టి, ఖిల్లా క్రింది గల్లీలలో ఇంకా నిలిచి ఉన్న పాత ఇండ్ల ముందర ఆగుతూ పోదాము. ఇప్పటికి మా పిల్లలు పదకొండు ఇండ్లు గుర్తించినారు. ప్రతి ఇంటి ముందు ఆ ఇంటివారే నిలబడి తమ ఇంటి కథ చెప్పవలెను. దర్వాజా వ్రాత సంగతి అడిగిన ఆ అమ్మాయి తన ఇంటి లెక్క తానే వేసి చూపుతానని ఇప్పుడే పేరు ఇచ్చినది. మిగిలిన పది ఇండ్లవారు కూడా పేర్లు ఇవ్వగోరుచున్నాము.